గుత్తి పేరున్న నీలి సాలీడు.. పిల్లకు వారానికి ఎన్నిసార్లు మేత పెట్టాలి? క్యాలెండర్ కాదు, పొట్ట చూడాలట!

ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఎప్పుడో ఒకసారి మీ కంట పడే ఉంటుంది. నెమలి మెడ రంగులో మెరిసిపోయే పెద్ద సాలీడు.. కాళ్ల మీద పసుపు పట్టీలు, ఒంటి మీద తెల్లటి అల్లిక. కింద పేరేమో 'గూటీ సఫైర్'. ఈ గూటీ ఎక్కడో అమెజాన్ అడవుల్లో ఉందనుకునేవాళ్లే ఎక్కువ. కానీ అది మన గుత్తి. అవును.. తాడిపత్రిలో రైలెక్కితే గంట ప్రయాణంలో వచ్చే గుత్తి జంక్షనే!

అమెరికా, యూరప్‌లలో ఈ సాలీడును ఇళ్లలో పెంచుకుంటారు. అక్కడే గుడ్లు పెట్టించి, పిల్లల్ని అమ్ముతారు. వేలి గోరంత పిల్లను ఓ చిన్న డబ్బాలో తెచ్చుకున్న ప్రతి ఒక్కరికీ మొదటి రోజే వచ్చే డౌట్ ఒకటే.. దీనికి ఎన్ని రోజులకోసారి తిండి పెట్టాలి? రోజూ పెట్టాలా? వారానికోసారా? నెల రోజులు తినకపోతే చచ్చిపోతుందా?

ప్రశ్న చిన్నదే. కానీ ఇక్కడ లెక్క తప్పితే పిల్ల సాలీడు ప్రాణానికే ముప్పు రావొచ్చు. పైగా అనంతపురం లాంటి కరువు నేల మీద పుట్టిపెరిగిన వాళ్లకు ఈ జీవి తిండి లెక్క చాలా సులువుగా అర్థమవుతుంది. ఎందుకంటే ఇది కూడా దొరికినప్పుడు తిని, దొరకనప్పుడు ఓర్చుకునే రకం.

ఒక్క విషయం ముందే చెప్పుకుందాం. ఇది మన దగ్గర అడవికి వెళ్లి పట్టుకొచ్చి పెంచుకోవచ్చని చెప్పే కథనం కాదు. ఎందుకో తెలియాలంటే ముందు ఈ సాలీడుకు గుత్తి పేరు ఎలా వచ్చిందో చూడాలి.

రైల్వే కలపలో దొరికింది.. వందేళ్లు మాయమైంది!

1899లో బ్రిటిష్ శాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ ఈ సాలీడును తొలిసారి ప్రపంచానికి పరిచయం చేశారు. శాస్త్రీయ నామం పోసిలోథీరియా మెటాలికా. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఆడ సాలీడు. అది దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అందుకే ఆ ఊరి పేరు అతుక్కుపోయింది.

ఆ తర్వాత? ఏమీ లేదు. గుత్తి చుట్టుపక్కల ఎవరికీ కనిపించలేదు. ఒక శతాబ్దం గడిచిపోయింది. 2001లో నంద్యాల - గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో అన్నమాట. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమలలోంచి వెళ్లే రైలు మార్గం 19వ శతాబ్దం చివర్లోనే వచ్చేసింది. ఆ అడవిలో కొట్టిన చెట్ల దుంగల్లో దాక్కుని, రైల్లో గుత్తికి చేరి ఉంటుందన్నది నిపుణుల అంచనా. టికెట్ లేని ప్రయాణానికి ఊరి పేరే దక్కింది!

పెద్ద చెట్ల తొర్రలే దీని ఇల్లు. తొర్ర ముందు గూడు అల్లుకుని, రాత్రిపూట బయటకొచ్చి అటుగా వచ్చే పురుగుల్ని పడుతుంది. ఇప్పటివరకు తెలిసినంతలో ఇది బతికే అడవి 100 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అందులోనూ చెట్లు కొట్టేయడంతో తొర్రలు తగ్గిపోతున్నాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2008లో దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. ప్రపంచవ్యాప్తంగా డబ్బాల్లో హాయిగా తిరుగుతున్న సాలీడు.. సొంతూళ్లో మాత్రం ఉండీ లేనట్టు ఉంది.

ఇక మేత సంగతికి వద్దాం.

పొట్టే మీటర్

సాలీడు ఒంట్లో రెండు భాగాలు కనిపిస్తాయి. కాళ్లు అతుక్కుని ఉండే ముందు భాగం గట్టిగా, పెంకులా ఉంటుంది. వెనక ఉండేది పొట్ట.. ఇది మెత్తటి సంచి లాంటిది. తింటే ఉబ్బుతుంది, తినకపోతే తగ్గుతుంది. ముందు భాగం సైజ్ మాత్రం ఈసారి పొర విడిచేదాకా మారదు. అంటే సాలీడు ఒంటి మీదే ఓ స్కేలు, ఓ మీటర్ రెండూ ఉన్నాయి.

పొట్ట ముందు భాగమంత ఉంటే ఆకలితో ఉంది, మేత పెట్టొచ్చు. ఒకటిన్నర రెట్లు ఉంటే కడుపు నిండినట్టే. రెండింతలకు చేరి, బుడగలా గుండ్రంగా కనిపిస్తే ఇక ఆపేయాలి. అదే పొట్ట ముందు భాగం కంటే చిన్నదై, ముడతలు పడితే అది ప్రమాద సూచన. అయితే అప్పుడు కూడా ముందు ఇవ్వాల్సింది తిండి కాదు. నీళ్లు. ఎందుకో కింద చెప్పుకుందాం.

మరి రోజుల లెక్క అస్సలు ఉండదా? ఉంటుంది. కాళ్లు చాపితే రెండు మూడు సెంటీమీటర్లు కూడా లేని పసి సాలీడుకు మూడు నాలుగు రోజులకోసారి, అంటే వారానికి రెండుసార్లు పెట్టడం చాలామంది పాటించే పద్ధతి. కొంచెం పెద్దదై నాలుగైదు సెంటీమీటర్లు దాటితే వారానికోసారి సరిపోతుంది. అరచేతిలో సగానికి వచ్చాక పది, పదిహేను రోజులకోసారి. పూర్తిగా ఎదిగి 15 సెంటీమీటర్లు దాటిన ఆడ సాలీడు రెండు మూడు వారాలకోసారి తిన్నా దానికేం కాదు.

వారానికోసారి మాత్రమే పెట్టి పెంచిన పిల్లలు బతకవా అంటే, బతుకుతాయి. పది రోజులకోసారి పెట్టేవాళ్లూ ఉన్నారు. కాకపోతే నెమ్మదిగా పెరుగుతాయి. పసిదశలో తేడా ఏంటంటే.. ఒంట్లో నిల్వ తక్కువ. పెద్ద సాలీడు వారాల తరబడి పస్తు ఉండగలదు, గోరంత పిల్లకు అంత ఓపిక ఉండదు. అందుకే పిల్లగా ఉన్నప్పుడు తరచుగా పెట్టి, ఆ గండం దాటించేయాలి. ఆ తర్వాత చేయి వెనక్కి తీసుకోవాలి. మనుషుల్లో చేసే పొరపాటు ఇక్కడా జరుగుతుంది. పెద్దదవుతోంది కదా అని ఎక్కువ పెట్టేస్తుంటారు. నిజానికి ఇక్కడ లెక్క తిరగబడుతుంది. పెరిగే కొద్దీ మేతకు, మేతకు మధ్య రోజులు పెరగాలి.

ఎన్నిసార్లు అన్న ప్రశ్నలో సగం.. ఎంత అన్నదే

ఒకరు వారానికి రెండుసార్లు పండ్ల ఈగలు వేస్తారు. ఇంకొకరు వారానికోసారి పెద్ద కీచురాయి వేస్తారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ పెట్టినట్టు? రెండోవాళ్లే కావొచ్చు. కాబట్టి రోజులు లెక్కపెట్టే ముందు పురుగు సైజ్ చూడాలి. సాలీడు పొట్ట కంటే పెద్ద పురుగును పిల్లకు వేయకూడదన్నది మోటుగా చెప్పే రూల్. అంతకు మించితే పిల్ల భయపడి దాక్కుంటుంది. కొన్నిసార్లు ఆ పురుగే దీన్ని కరుస్తుంది.

మరీ పసిదైతే బతికున్న పురుగే వేయాలని లేదు. కీచురాయి తొడ ముక్కో, మీల్‌వార్మ్ ముక్కో తెంపి డబ్బాలో పెడితే రాత్రి వచ్చి తినేస్తుంది. తినడం అంటే నమలడం కాదు. కోరలతో పట్టుకుని, జీర్ణరసాలు వదిలి, కరిగిన దాన్ని పీల్చుకుంటుంది. చివరికి చిన్న ఉండలాంటి పిప్పి మిగులుతుంది. ఆ పిప్పిని, తినకుండా వదిలేసిన ముక్కను 24 గంటల్లో తీసేయాలి. లేదంటే బూజు పడుతుంది, సన్న పురుగులు చేరతాయి. చిన్న డబ్బాలో అది చాలా తొందరగా జరుగుతుంది.

మన ప్రాంతం వాళ్లకు ఇక్కడో ముఖ్యమైన జాగ్రత్త. పొలం గట్టు మీద మిడతలు ఫ్రీగా దొరుకుతాయి కదా, డబ్బు పెట్టి కొనడమెందుకు అనిపిస్తుంది. తాడిపత్రి చుట్టుపక్కల చీనీ తోటలైనా, అరటి తోటలైనా, వేరుశనగ, పత్తి చేలైనా.. మందు కొట్టని చోటు దొరకడం కష్టం. మందు పీల్చి ఇంకా చావని మిడత సాలీడు నోట్లోకి వెళ్తే సీన్ రివర్స్. ఇంట్లో హిట్ కొట్టాక తిరుగుతున్న బొద్దింకా అంతే. పురుగుల మందులు సాలీడును కూడా చంపుతాయి. అందుకే పెంచేవాళ్లు మేత పురుగుల్ని కూడా వేరే డబ్బాలో తామే పెంచుకుంటారు. క్యారెట్ ముక్క, తవుడు పెట్టి వాటిని మేపి, ఆ తర్వాత వీటికి వేస్తారు.

మేత సాయంత్రం దాటాక పెట్టడం మేలు. ఇది రాత్రిపూట తిరిగే జీవి. పగలు డబ్బాలో పడేసిన పురుగు వెళ్లి ఏ మూలనో దూరిపోతుంది, సాలీడు తినలేదని మనం కంగారు పడతాం.

తినడం మానేసిందా? కంగారొద్దు.. చొక్కా మార్చుకుంటోంది!

కొత్తగా పెంచేవాళ్లను ఎక్కువగా భయపెట్టేది ఇదే. మొన్నటిదాకా పడేసిన పురుగును పడేసినట్టే లాక్కున్న పిల్ల, ఒక్కసారిగా మూతి తిప్పుకుంటుంది. పది రోజులు.. పదిహేను రోజులు.. ఏమీ ముట్టదు. చాలాసార్లు అది జబ్బు కాదు. పొర విడవడానికి సిద్ధమవుతోంది.

సాలీడు పై చర్మం గట్టిది, సాగదు. పెరగాలంటే పాత పొర విడిచి కొత్తది తొడుక్కోవాలి. పసి సాలీళ్లు నెలకో, రెండు నెలలకో ఒకసారి పొర విడుస్తాయి. పెద్దవాటికి ఏడాది కూడా పట్టొచ్చు. ముందు రంగు మసకబారుతుంది. పొట్ట నున్నగా, నల్లగా మెరుస్తుంది. కొన్ని తొర్ర మూతిని గూడుతో మూసేసుకుంటాయి. ఇవి కనిపిస్తే మేత ఆపేయాలి. డబ్బాలో బతికున్న పురుగు ఉంటే వెంటనే తీసేయాలి. పొర విడిచే సమయంలో సాలీడు ఒళ్లు మైనం ముద్దలా మెత్తగా ఉంటుంది. ఆకలితో ఉన్న కీచురాయి ఒక్కటి చాలు, దాన్ని కొరికి చంపడానికి. మేతే వేటగాడైపోతుంది!

ఇంకో మాట. పొర విడిచేటప్పుడు చాలా టరాంటులాలు వెల్లకిలా పడుకుంటాయి. చచ్చిపోయిందనుకుని బయట పారేసిన వాళ్లున్నారు. చచ్చిపోయేటప్పుడు సాధారణంగా వెల్లకిలా పడదు. కాళ్లు లోపలికి ముడుచుకుని, నిలబడ్డ చోటే కుదించుకుపోతుంది. వెల్లకిలా కనిపిస్తే ముట్టుకోకుండా గంటల తరబడి అలాగే వదిలేయాలి.

పొర విడిచాక కూడా వెంటనే పండగ భోజనం పెట్టకూడదు. కోరలు కూడా కొత్తవే కదా.. మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి నల్లగా గట్టిపడతాయి. నల్లబడేదాకా ఆగాలి. పిల్లకైతే సుమారు వారం. పెద్దదానికి రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. అప్పటికి పొట్ట చిన్నదై, ముందు భాగం పెద్దదై కనిపిస్తుంది. మీటర్ మళ్లీ సున్నా దగ్గర మొదలైనట్టు.

ఈ పొరల లెక్కతోనే రంగు కూడా వస్తుంది. పిల్ల సాలీడు రీల్స్‌లో చూసినంత నీలంగా ఉండదు, బూడిద, లేత ఊదా రంగు కలగలిసి ఉంటుంది. ఒక్కో పొర విడిచే కొద్దీ నీలం చిక్కబడుతుంది. ఆ నీలం కూడా రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మ నిర్మాణాలు కాంతిని అలా తిప్పికొడతాయి. నెమలి ఈకలో జరిగేదీ ఇలాంటిదే.

తాడిపత్రి ఎండల్లో తిండి కంటే ముందు నీళ్లు

విదేశీ వీడియోలు చూసి మేత రోజులు కాపీ కొట్టేవాళ్లు మర్చిపోయేది వాతావరణాన్ని. సాలీడు ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది. చలిగా ఉంటే జీర్ణం నెమ్మదిస్తుంది, ఆకలి తగ్గుతుంది. వెచ్చగా ఉంటే త్వరగా అరుగుతుంది, త్వరగా ఆకలేస్తుంది, త్వరగా పెరుగుతుంది. పోలెండ్‌లో చలికాలం వారానికోసారి తినే పిల్ల, 30 డిగ్రీల గదిలో మూడో రోజే మళ్లీ వేటకు సిద్ధంగా ఉండొచ్చు. అందుకే ఎవరో చెప్పిన రోజుల లెక్క కంటే పొట్ట చూడటం నయం అనేది.

అయితే అనంతపురం జిల్లా ఎండ వేరే కథ. ఏప్రిల్, మే నెలల్లో తాడిపత్రిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. నాపరాతి మిద్దెలు, సిమెంటు స్లాబులు రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటాయి. గాలిలో తేమ ఉండదు. ఇలాంటి గాలిలో మూత చుట్టూ రంధ్రాలు పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒక్క రోజులో ఎండిపోతుంది. లోపలున్న గోరంత పిల్ల ఒంట్లో నీళ్లూ అంతే.

సాలీడు కాళ్లు పనిచేసే తీరు తెలిస్తే ఇది ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. కాలు ముడవడానికి దానికి కండరాలున్నాయి. చాపడానికి మాత్రం కొన్ని కీళ్ల దగ్గర కండరం లేదు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపి చాపుతుంది. జేసీబీ చేయి ఆయిల్ ప్రెషర్‌తో లేచినట్టే! ఒంట్లో నీళ్లు తగ్గితే ఆ ప్రెషర్ పడిపోతుంది. కాళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. అప్పుడు ఆకలేమో అని పురుగు వేస్తే ఏం లాభం? అది పట్టుకోలేదు. డబ్బా గోడ మీద నీటి చుక్కలు, పక్కనే తడిపిన దూది కాకుండా చిన్న మూతలో నీళ్లు.. ముందు ఇవి పెట్టాలి. కోలుకున్నాకే మేత.

పిల్ల డబ్బాలో అడుగున వేసిన కొబ్బరి పొట్టును ఒకవైపు తడిగా, ఇంకోవైపు పొడిగా ఉంచితే ఎటు కావాలో అదే వెళ్తుంది. డబ్బాను కిటికీ దగ్గర, టీవీ పైన, సజ్జ మీద పెట్టొద్దు. మిద్దె ఇంట్లో అయితే నేలకు దగ్గరగా, నీడ మూలలో పెడితే చల్లగా ఉంటుంది. 25 నుంచి 28 డిగ్రీల మధ్య దీనికి హాయి. మే నెలలో ఏసీ లేని గదిలో ఆ లెక్క కుదరదు కాబట్టి, ఆ రోజుల్లో మేత కంటే నీళ్ల మీదే కన్నేసి ఉంచాలి.

త్వరగా పెంచేద్దాం అనుకుంటే..

తరచూ మేత, ఎక్కువ వేడి.. ఈ రెండూ కలిపి ఇస్తే పిల్ల చకచకా పెరుగుతుంది. అమ్మకందారులకు ఇది లాభం. నెలల తేడాలో పెద్ద సాలీడు చేతికొస్తుంది, వీడియోకు నీలం రంగు కనిపిస్తుంది. కానీ సాలీడుకు?

పిల్లగా ఉన్నప్పుడు అది మగో ఆడో చూసి చెప్పడం కష్టం. ఆడదైతే పదేళ్లు దాటి బతుకుతుంది. మగదైతే మూడు నాలుగేళ్లే. మగది కొన్నిసార్లు పొర విడిచాక పెద్దదవుతుంది. ఆ చివరి పొర విడిచిన తర్వాత దాని పని ఆడదాన్ని వెతుక్కోవడమే. ఇక ఎక్కువ కాలం ఉండదు. అంటే మగ పిల్లకు తిండి ఎక్కువ పెట్టి తొందరగా పొరలు విడిపిస్తే, దాని ఆయుష్షును మనమే ముందుకు జరిపినట్టు. ఆడదానికైనా ఉబ్బిన పొట్టతో తిప్పలే. ఇది గోడలెక్కే జాతి. నిండు పొట్టతో పైనుంచి జారి పడితే ఆ పల్చటి సంచి పగిలే ప్రమాదం ఉంది. పగిలితే బతకడం అరుదు.

కాబట్టి పిల్ల కొంచెం ఆకలిగా ఉండటం తప్పేమీ కాదు. పొట్ట చదునుగా ఉండి, నీళ్లు అందుతూ, చురుగ్గా కదులుతుంటే దాని లెక్క సరిగ్గానే ఉన్నట్టు.

పస్తు ఉండగలగడమే శాపమైంది

రోజుల తరబడి తిండి లేకున్నా బతికే ఈ గుణమే సాలీళ్ల స్మగ్లింగ్‌కు దారి చూపింది. చిలకనో, కుక్కపిల్లనో పోస్టులో పంపలేరు. సాలీడు పిల్లను పంపొచ్చు. అరవదు, వాసన రాదు, వారం పది రోజులు తిండి అడగదు.

2021 జులైలో చెన్నై ఎయిర్ కస్టమ్స్ అధికారులు పోలెండ్ నుంచి వచ్చిన ఓ పోస్టల్ పార్శిల్‌ను విప్పారు. లోపల థర్మాకోల్ పెట్టె. అందులో రేకు, దూది చుట్టిన 107 చిన్న ప్లాస్టిక్ సీసాలు. ఒక్కో సీసాలో ఒక్కో బతికున్న సాలీడు! పార్శిల్ మీద ఉన్నది తమిళనాడులోని అరుప్పుక్కోట్టై అడ్రస్. వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారులు వచ్చి చూశారు. దక్షిణ, మధ్య అమెరికా, మెక్సికో దేశాలకు చెందిన టరాంటులాలుగా అనుమానించారు. దిగుమతికి లైసెన్స్ లేదు, ఆరోగ్య పత్రాలు లేవు. దీంతో పార్శిల్‌ను మళ్లీ పోలెండ్‌కే తిప్పి పంపేందుకు పోస్టల్ శాఖకు అప్పగించారు.

మన గుత్తి సాలీడు విషయానికొస్తే.. 2019లో జెనీవాలో జరిగిన సైటీస్ సమావేశం ఈ పోసిలోథీరియా జాతులన్నింటినీ రెండో అనుబంధంలో చేర్చింది. అదే ఏడాది నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంటే దేశం దాటించాలంటే అనుమతి పత్రం ఉండాల్సిందే. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. సైటీస్ జాబితాలోని బతికున్న జీవులు ఎవరి దగ్గరున్నా ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, వేరేవాళ్లకు ఇచ్చినా చెప్పాలి. ఇందుకోసం 2024లో విడిగా నిబంధనలు కూడా వచ్చాయి. ఆన్‌లైన్‌లో పరివేష్ పోర్టల్ ద్వారా చేసుకోవాలి. ఇన్‌స్టాలో ఎవరో 'సేఫ్ డెలివరీ బ్రో' అని పంపే సీసా ఈ లెక్కల్లో ఎక్కడా ఉండదు. పట్టుబడితే కేసు కొన్నవాళ్ల మీదా ఉంటుంది.

అడవి నుంచి తీసుకురావడం గురించి అయితే చెప్పక్కర్లేదు. రిజర్వు ఫారెస్టులోకి వెళ్లి జీవిని పట్టుకొస్తే నేరం. నష్టం కూడా ఒక్క సాలీడుతో ఆగదు. తొర్రలు తక్కువైన చోట ఒకే తొర్రలో కొన్ని కలిసి ఉంటాయి. పిల్లల కోసం తొర్ర పగలగొడితే ఆ ఇల్లే పోతుంది. అలాంటి చెట్టు ఇంకోటి తయారవ్వడానికి దశాబ్దాలు పడుతుంది.

మన ఇంటి గోడ మీద ఉన్నది అదేనా?

కాదు. తాడిపత్రిలో, గుత్తిలో ఇళ్ల గోడల మీద రాత్రిళ్లు కనిపించే అరచేతి వెడల్పు గోధుమ రంగు సాలీడు టరాంటులా కాదు. అది గూడు అల్లి కూర్చోకుండా పరిగెత్తి బొద్దింకల్ని పట్టే వేరే జాతి. కాళ్లు పొడవు, ఒళ్లు చదును. దాన్ని డబ్బాలో పెట్టి మేపాల్సిన పనిలేదు. మీ వంటింట్లో దాని డ్యూటీ అది చేసుకుంటోంది.

అసలు గుత్తి సాలీడును చేతి మీద ఎక్కించుకుని తీసే వీడియోలు మాత్రం చూసి వదిలేయండి. అమెరికా ఖండపు టరాంటులాలు కొన్ని ఒంటి మీది వెంట్రుకలు విదిల్చి బెదిరిస్తాయి. దీనికి ఆ ఆయుధం లేదు. పరుగు, కాటు.. రెండే తెలుసు. రెండూ మహా స్పీడు. మనుషులు చనిపోయినట్టు నమోదు కాలేదు కానీ, కరిస్తే తీవ్రమైన నొప్పి, వాపు, చెమటలు, కండరాలు పట్టేయడం ఉంటాయి. కొందరికి ఈ బాధ రోజుల తరబడి సాగుతుంది. మేత పెట్టేటప్పుడు కూడా వేళ్లు లోపల పెట్టకూడదు. పొడవాటి పట్టకారుతో పురుగును వదిలి, మూత పెట్టేయాలి. ఒకవేళ కరిస్తే సబ్బు నీళ్లతో కడిగి ఆస్పత్రికి వెళ్లడమే.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఇళ్లలో పిల్లలు అడిగారని పెట్ షాపు నుంచి దీన్ని తెచ్చుకుంటే, అది అక్కడే పుట్టిన పిల్ల అని చెప్పే కాగితం అడిగి తీసుకోవాలి. ఇంటికొచ్చిన మొదటి రోజే మేత వేయొద్దు. ప్రయాణం చేసొచ్చిన పిల్లను నాలుగైదు రోజులు నీళ్లతో వదిలేసి, గూడు కట్టుకోవడం మొదలుపెట్టాక ఓ చిన్న ఈగతో మొదలుపెడితే చాలు. తేదీ, ఏం వేశారు, తిన్నదా లేదా, పొర ఎప్పుడు విడిచింది.. ఈ నాలుగూ డబ్బా మీద అతికించిన చీటీలో రాసుకుంటూ పోతే, రెండు మూడు పొరలు విడిచేసరికి ఆ పిల్లకు ఎన్ని రోజులకోసారి ఆకలేస్తుందో ఆ చీటీయే చెప్పేస్తుంది.